‘ఆవరిస్’ అంటే లోభమా, దురాశా?

అడయార్ అనువాదకురాలు:
క్రైస్తవంలోని ఏడు ఘోర పాపాల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. వాటిలో ‘ఆవరిస్’ ఒకటి. ఉదాహరణగా బైబిల్లో నాబోతు ద్రాక్షతోట మీద కన్నేసిన అహాబు రాజు కథ ఇచ్చారు. నేను ‘దురాశ’ అని రాస్తే, సరిచూసినవారు కొట్టేసి ‘లోభం’ అని దిద్దారు. మా ఇంట్లో లోభి అంటే పిసినారి. అహాబు పిసినారి కాడు కదా!

మాంబళం వాసి:
దిద్దినవారిదే ఒప్పు. లాటిన్‌లో ‘అవేరె’ అంటే తహతహలాడటం. అందులోంచి ‘అవారిటియా’ పుట్టింది. అదే ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరి ‘ఆవరిస్’ అయింది. మన లోభానికి మూలమైన సంస్కృత ‘లుభ్’ ధాతువుకు కూడా ఆశపడటమనే అర్థం. ఇంగ్లీషు ‘లవ్’ దానికి దాయాది! ఆవరిస్, లోభం రెండూ కోరికలో పుట్టి, మూట విప్పని గుణం దాకా వచ్చాయి. ఇంతకన్నా దగ్గరి మాట మీకు ఎక్కడ దొరుకుతుంది?

పెరంబూర్ పంతులు:
పుట్టుక చూసి అర్థం తేల్చకూడదండీ. ఇంగ్లీషులో పిసినారిని ‘మైజర్’ అంటారు, ఆ మాటకు లాటిన్‌లో అర్థం దీనుడు. అంతమాత్రాన ఇవాళ దాన్ని ‘దీనుడు’ అని తెలుగు చేస్తామా? మా పెద్దనాన్న బీరువా నిండా కొత్త దుప్పట్లు మడత విప్పకుండా పేర్చుకుని, తాను మాత్రం అంచులు పీలికలైన దుప్పటి కప్పుకునేవారు. పరుల సొమ్ము పైసా ఆశించలేదు. ఊరంతా ఆయన్ని లోభి అనే పిలిచింది. అహాబును కూడా అదే మాటతో పిలిస్తే తెలుగు పాఠకుడు తికమకపడడా?

మాంబళం వాసి:
మీ ‘మైజర్’ నా వాదానికే బలం, పంతులు గారూ. మన ‘కృపణుడు’ అన్న మాటకూ దీనుడు, పిసినారి అనే రెండర్థాలూ ఉన్నాయి. రెండు చోట్లా ఒకే దారి! ఇక లోభం సంగతి. గీత 16వ అధ్యాయం కామం, క్రోధం, లోభం నరకానికి మూడు ద్వారాలంటుంది. అక్కడ లోభమంటే దుప్పట్లు దాచుకోవడం ఒక్కటే అంటారా? వాడుకలో మాట ఇరుకైందని శాస్త్రార్థాన్ని వదులుకోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

పెరంబూర్ పంతులు:
శాస్త్రం సరే. కానీ ఆ వ్యాసం చదివేది ఇవాళ్టి పాఠకుడు. లోభి అనగానే అతనికి మా పెద్దనాన్నే గుర్తొస్తారు.

అడయార్ అనువాదకురాలు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పాపాల పట్టికలో ‘లోభం’ ఉంచుతాను, అరిషడ్వర్గాల్లో అలవాటైన మాటే కాబట్టి. అహాబు కథలో మాత్రం ‘దురాశ’ అనే రాస్తాను. దిద్దినవారికి ఈ రాత్రే ఫోను చేసి, నాబోతు తోట దగ్గర ఎందుకు మార్చానో చెబుతాను.