పెద్దమ్మ కూతురు మెంబర్ అయితే సొరారిటీలో లెగసీ కింద లెక్కేనా?

కావలి పిన్ని:
మా రెండో అక్కావాళ్ళు డాలస్‌లో ఉంటారు. వాళ్ళ అమ్మాయి ఈ ఆగస్టులో కాలేజీలో చేరుతూ సొరారిటీ (అక్కడి కాలేజీ అమ్మాయిల సంఘం) రష్‌కి, అంటే కొత్త మెంబర్లని ఎంచుకునే రౌండ్లకి, పేరిచ్చింది. రాత్రి వీడియో కాల్‌లో ఆరు డ్రెస్సులు మంచం మీద పరిచి ఏ రౌండ్‌కి ఏది వేసుకోవాలని అడుగుతుంటే, మా అమ్మ పక్కనుంచి "ఏందే, పెళ్ళిచూపులా?" అంది. మా పెద్దక్క కూతురు అదే కాలేజీలో ఒక సొరారిటీ మెంబర్‌గా ఉండేది. "అక్క ఉంది కదా పిన్నీ, నేను లెగసీ, అంటే మనింటివాళ్ళు ముందే మెంబరన్నమాట, ఖాయంగా తీసుకుంటారు" అని దీని ధీమా. ఫారంలో కూడా సిస్టర్ అని రాసేసిందంట. నాకేమో టెన్షన్. నిజంగా పనికొస్తుందా?

ఒంగోలు అమ్మాయి:
ముందు ఆ ఫారం సరిచేయించండి అక్కా. మనకి పెద్దమ్మ కూతురంటే అక్కే, వాళ్ళకి మాత్రం కజిన్. ఎక్కువ సంఘాల్లో లెగసీ అంటే అమ్మ, అమ్మమ్మ లేదా నానమ్మ, తోడబుట్టిన అక్కచెల్లెళ్ళు, అంతే. నేను రెండేళ్ళు మెంబర్‌గా ఉండి రష్‌లో అవతలి వైపు కూర్చున్నా. ఒకప్పుడు లెగసీ అమ్మాయిని మొదటి వడపోతలో తీసేయకుండా తర్వాతి రౌండ్‌కి పిలవడం, ఆఖరి రౌండ్ దాకా వస్తే లిస్టులో పైన పెట్టడం చాలా చోట్ల రూలు. 2020 తర్వాత చాలా సంఘాలు దాన్ని ఎత్తేశాయి, ఎందుకంటే అక్కడ తల్లీ అమ్మమ్మా చదివినవాళ్ళకే, అంటే ఎక్కువగా తెల్లవాళ్ళ ఇళ్ళ పిల్లలకే, అది కలిసొచ్చేది. మన అమ్మలు కావలిలో, కందుకూరులో చదివారు, మనకి ఎక్కడి లెగసీ చెప్పండి! పైగా పెద్ద క్యాంపస్‌లలో ఒక్కో సంఘానికి ఇంతమందే అని కోటా ఉంటుంది, లెగసీలే బోలెడంతమంది వస్తారు. మార్కులు, కూర్చుని మాట్లాడే తీరు, ఇవే ఎక్కువ చూస్తారు.

వింజమూరు బాబాయ్:
మా అమ్మాయి పోయినేడు రష్‌కి వెళ్ళింది కాబట్టి ఒక్క మాట. చివర్లో పిల్లలు తమకి నచ్చిన వరుస రాస్తారు, సంఘాలు తమ వరుస రాస్తాయి, రెండూ కంప్యూటర్ కలుపుతుంది. అక్క ఉన్నదొక్కటే రాసి మిగతావి వదిలేస్తే, అది రాకపోతే ఆ రోజు చేతికి ఏదీ రాదు. రాసినదాంట్లో ఒకటి వచ్చాక వద్దంటే, మళ్ళీ ఏడాది దాకా అక్కడ పాన్‌హెలెనిక్ అనే సొరారిటీల కూటమిలోని 26 సంఘాల్లో ఇంకోదాంట్లో చేరనివ్వరు. సంతకం పెట్టేముందు చదువుకోమనండి.

ఒంగోలు అమ్మాయి:
అవును, మా ఫ్రెండ్ ఒకతె అలాగే ఒక్కటే రాసి ఏడ్చింది. మన దక్షిణాసియా పిల్లల కోసం పెట్టిన సొరారిటీలూ ఉన్నాయి అక్కా, డెల్టా ఫై ఒమేగా, కప్పా ఫై గామా, రెండూ 1998లో టెక్సస్‌లోనే మొదలయ్యాయి. వాటి రష్ వేరే, ఒకసారి చూడమనండి.

కావలి పిన్ని:
ఇప్పుడే ఫోన్ చేశా. "మరి ఇన్నాళ్ళూ అక్క అని ఎందుకు పిలిపించారు" అని నా మీదే అలిగింది! ఫారం మాత్రం మార్చిందిలే.