సిత్‌ల గురుపరంపర ఎక్కడ తెగింది? నా అనుమానం ప్లేగస్ మీద

గోల్కొండ_పాఠం:

స్టార్ వార్స్ సినిమాల్లో చీకటి శక్తిని వాడే సిత్ ప్రభువుల వరసను, బేన్ నుంచి వేడర్ దాకా, ఒకే పటంలో గీస్తున్నాను. ఒకచోట గీత ముందుకు సాగడం లేదు. స్టార్ వార్స్‌ను శ్రద్ధగా చూసినవాళ్ల అభిప్రాయం కావాలి. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

నేను హైదరాబాద్‌లో జూనియర్ కాలేజీ పిల్లలకు చరిత్ర చెబుతాను. వంశవృక్షాలు గీయడం నాకు రోజూ ఉండే పనే. కాకతీయులదైనా కుతుబ్ షాహీలదైనా బోర్డు మీద పైనుంచి కిందికి గీసే గీత తండ్రి నుంచి కొడుక్కో, అన్న నుంచి తమ్ముడికో దిగుతుంది. సిత్‌ల పటంలో మాత్రం ప్రతి గీతా ఒక హత్య. సిత్‌లు ఎక్కువమంది ఉంటే బలహీనులంతా కూడబలుక్కుని బలవంతుణ్ణి పడగొడతారని, అలా తమ జాతి ఏటికేడు చిక్కిపోతుందని డార్త్ బేన్ గ్రహించాడు. అందుకే ఇద్దరే ఉండాలన్నాడు. ఒకరి దగ్గర శక్తి, ఇంకొకరికి దాని మీద ఆశ. శిష్యుడు గురువును మించిన రోజున గురువును చంపి తన శిష్యుణ్ణి వెతుక్కుంటాడు. 1999 నాటి సినిమా చివర, సిత్‌ల శత్రువులైన జెడై యోధుల్లో ఒకడైన క్వై-గాన్ చితి దగ్గర, జెడై గురువు యోడా చెప్పేది ఈ ఇద్దరి నియమమే. చచ్చిన సిత్ గురువా, శిష్యుడా అని ఇంకో జెడై గురువు మేస్ విండూ అక్కడే అడుగుతాడు. ఆ ప్రశ్న నన్ను చాలా ఏళ్లుగా వదలడం లేదు.

నా వాదన ఇది. ఈ పరంపర వేడర్‌తో ముగియలేదు, అతని గురువు సిడియస్‌తో (పాల్పటీన్ చక్రవర్తి అసలు సిత్ పేరు ఇదే) కూడా ముగియలేదు. సిడియస్ గురువు ప్లేగస్ దగ్గరే తెగిపోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా సిత్ అనే పేరును మాత్రమే మోశారు.

2005లో వచ్చిన మూడో భాగంలో ఒపేరా సన్నివేశం గుర్తు చేసుకోండి. నీటి బుడగల మధ్య నర్తకులు తేలుతుంటారు. పాల్పటీన్ పక్కనున్నవాళ్లను పంపించేసి, తర్వాత వేడర్ కాబోయే అనాకిన్‌ను దగ్గర కూర్చోబెట్టుకుని ప్లేగస్ కథ చెబుతాడు. ప్రాణాన్ని పుట్టించగలిగినవాడు, ఆత్మీయులను చావు నుంచి తప్పించగలిగినవాడు, తనను తాను కాపాడుకోలేకపోయాడు. శిష్యుడు అతణ్ణి నిద్రలో చంపాడు. ఆ మాట దగ్గర ఇయాన్ మెక్‌డార్మిడ్ ముఖం చూడండి. గొంతులో సంతాపం, పెదవి చివర సన్నని తృప్తి. ఆ శిష్యుడు ఎవరో చెప్పకుండానే చెప్పేశాడు.

నిద్రలో చంపాడన్న మాట దగ్గరే నాకు చిక్కు వచ్చింది. బేన్ నియమం ప్రకారం హత్య ఒక పరీక్ష. గురువు పూర్తి బలంతో ఎదురు నిలబడితే అతణ్ణి ఓడించి నెగ్గాలి. నిద్రపోతున్నవాడి మీద నెగ్గితే ఏం రుజువైనట్టు? మన గోల్కొండలో 1543లో సుల్తాన్ కులీని నమాజులో ఉండగా చంపించి జంషీద్ గద్దెనెక్కాడు. పిల్లలను సమాధుల దగ్గరికి తీసుకెళ్లినప్పుడు జంషీద్‌ది వెంటనే గుర్తు పడతారు, ఎనిమిది పలకల్లో రెండంతస్తులుగా లేచిన కట్టడం. అంత ఘోరం చేసినా వంశవృక్షంలో అతని గడి చెక్కుచెదరలేదు, ఎందుకంటే అతను కొడుకు. సిత్‌లకు అలా ఆదుకునే రక్తసంబంధం లేదు. వాళ్లకున్నది పరీక్ష ఒక్కటే. అది దొంగ పరీక్ష అయితే గీత ఎలా గీయాలి?

ఇంకో సంగతి. చావే లేకుండా బతకాలనుకున్న గురువుకు శిష్యుడితో అవసరమేమిటి? గురువు ఒకనాటికి చస్తాడన్న నమ్మకం మీదే బేన్ నియమం నిలబడింది. అమరత్వం కోసం పరిశోధన మొదలుపెట్టిన క్షణాన ప్లేగస్ ఆ నియమాన్ని కాలదన్నాడు. 2012లో జేమ్స్ లుసీనో రాసిన నవలలో ఈ సంగతి సూటిగానే ఉంది. తమ ఇద్దరితో పాత నియమం ముగిసిందని ప్లేగస్ అనుకుంటాడు. సిడియస్ ఆ ఆశనే వారసత్వంగా పొందాడు. మాల్, డూకు, వేడర్ అతనికి పనిముట్లు, ఒకటి అరిగితే ఇంకొకటి. 2019 సినిమాలో ఎక్సెగోల్ గ్రహం మీద, తనను ఎదిరించిన రే అనే అమ్మాయితో సిడియస్ ఏమన్నాడో గమనించండి, నన్ను చంపు, నా ఆత్మ నీలోకి వస్తుంది అన్నాడు. శిష్యుణ్ణి గురువుగా నిలబెట్టాల్సిన హత్యను గురువు తప్పించుకునే దారిగా మార్చేశాడు.

కాబట్టి నా పటంలో చివరి గట్టి గీత ప్లేగస్ గురువు నుంచి ప్లేగస్‌కు దిగేదే. పాత నవలల ప్రకారం ఆ గురువు పేరు టెనిబ్రస్. మీరైతే ఎక్కడ ఆపుతారు? తర్వాతి సినిమాల్లో వచ్చే చీకటి నాయకుడు స్నోక్‌ను ఎక్కడ పెడతారు?

కోఠి_పాతపుస్తకాలు:

మీ తర్కం బాగుంది గానీ ఇంకా వెనక్కి వెళ్లాలి. నియమం పెట్టినవాడే దాన్ని అతిక్రమించాడు.

డ్రూ కార్పిషిన్ బేన్ గురించి మూడు నవలలు రాశాడు. మూడోది 2009లో వచ్చింది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద వెతికి వెతికి సంపాదించాను, అట్ట ఊడిపోయినా కథంతా ఉంది. అందులో బేన్ ముసలివాడవుతుంటాడు. ఎడమ చెయ్యి వణుకుతుంటుంది. శిష్యురాలు జన్నా తనను సవాలు చేయడం లేదని అసహనం. అలాంటప్పుడు అతను చేసిన పనేమిటి? ఆండెడ్డు అనే ప్రాచీన సిత్ ప్రభువు దాచిన రహస్యాన్ని సంపాదించి, ఇంకొకరి శరీరంలోకి ప్రవేశించే విద్య నేర్చుకున్నాడు. చివరి పోరులో జన్నా శరీరాన్నే ఆక్రమించడానికి ప్రయత్నించాడు. అంటే ఎక్సెగోల్ మీద సిడియస్ వేసిన ఎత్తు వెయ్యేళ్ల కిందటిదే.

ఆ నవల చివరి పేజీ మీద అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. జన్నా గెలిచినట్టే రాశాడు. కానీ ఆమె కొత్త శిష్యురాలు ఒకటి గమనిస్తుంది. జన్నా ఎడమచేతి వేళ్లు ముడుచుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి. బేన్ పూర్తిగా పోయాడా, ఒక తునక అక్కడ మిగిలిందా? తునక మిగిలిందనే నా నమ్మకం. మిగిలితే మొదటి గీత దగ్గరే గురువు, శిష్యురాలు అనే తేడా చెరిగిపోయినట్టు.

ఒక్క జాగ్రత్త. 2014 ఏప్రిల్ నుంచి ఈ నవలలు, మీరు చెప్పిన లుసీనో నవల కూడా లెజెండ్స్, అంటే అధికారిక కథలో లెక్కకు రాని కథల కిందికి వెళ్లాయి. అధికారిక కథలో బేన్ ఉన్నాడు గానీ చాలా కొద్దిగానే. అదే ఏడాది క్లోన్ వార్స్ ఆరో సీజన్‌లో, మోరాబాండ్ గ్రహం మీద యోడాకు అతని ఛాయ కనిపిస్తుంది. ఆ ఛాయకు గొంతు ఇచ్చింది మార్క్ హామిల్, సినిమాల్లో వేడర్ కొడుకైన మన లూక్. పరంపరను మొదలుపెట్టినవాడికీ దాన్ని అంతం చేసిన కుటుంబానికీ ఒకే గొంతు అమరడం నాకు ఎంతో నచ్చింది.

రెండు_సూర్యుళ్లు:

మేడమ్, ముందు స్నోక్ సంగతి. అతనికి గడి ఇవ్వకండి. 2015 నుంచి 2017 దాకా స్నోకే ప్లేగస్ అని గట్టిగా నమ్మినవాళ్లలో నేనూ ఉన్నాను. మా వాదనకు ఆధారాలు లేకపోలేదు. తల మీద ఆ గాయం, ఎంతో ముసలితనం, స్నోక్ కనిపించినప్పుడు వినిపించే మగ గొంతుల మంద్రస్వరం ఒపేరా సన్నివేశంలోని నేపథ్య సంగీతాన్ని గుర్తు చేయడం. ఉప్పల్ నుంచి మెట్రోలో వస్తూ చెవిలో ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని విన్నాను, ఆ పోలిక నిజంగా ఉంది. 2019లో ఎక్సెగోల్ గాజు తొట్టిలో తేలుతున్న స్నోక్ శరీరాలు చూపించాక ఆ చర్చ ముగిసింది. స్నోక్‌ను తానే తయారు చేశానని పాల్పటీన్ నోటితోనే అన్నాడు. మనిషి తయారు చేసిన తొడుగుకు పరంపరలో చోటెక్కడిది?

కానీ మీ పటంలో ఒకరిని మరిచిపోవడం నాకు బాధగా ఉంది. స్నోక్ శిష్యుడు కైలో రెన్. 2017 సినిమాలో స్నోక్ సింహాసనం చేతిమీద లూక్ కత్తి ఉంటుంది. కైలో మనసులో ఏముందో తనకు కనిపిస్తోందని స్నోక్ గర్వంగా వర్ణిస్తుంటాడు, శత్రువు వైపు కత్తి తిప్పుతున్నాడు, వెలిగిస్తున్నాడు అంటాడు. అదే సమయంలో కైలో వేళ్లు నెమ్మదిగా కదులుతాయి, సింహాసనం పక్కనున్న కత్తి స్నోక్ వైపు తిరుగుతుంది. మనసంతా చదివేశాననుకున్న గురువును అతని కళ్ల ముందే, మెలకువలో ఉండగానే చంపి, ఆ గద్దె తీసుకున్నాడు. తొమ్మిది సినిమాల్లో గురువును చంపి శిష్యుడు గురువు స్థానంలోకి రావడం మనం కళ్లారా చూసింది అక్కడొక్కచోటే. వేడర్ చక్రవర్తిని ఎత్తి పడేసింది కొడుకు కోసం, పదవి కోసం కాదు.

రక్తసంబంధం గురించి కూడా చెప్పాలి. 2017లో రే తల్లిదండ్రులు ఎవరికీ తెలియని మామూలు మనుషులు అన్నారు. ఏ వంశమూ లేని పిల్లకు అంత శక్తి ఉండడం ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట. రెండేళ్లకే ఆమెను పాల్పటీన్ మనవరాలిని చేశారు. గురుపరంపరగా మొదలైన కథను తాత, మనవరాలి తగాదాగా కుదించారు. అది నేను క్షమించలేను.

పద్మారావునగర్_తాతయ్య:

అమ్మా, నేను తెలుగు పండితుడిగా రిటైరయ్యాను. ఈ సినిమాలు మా మనవడు చూపించాడు. మీ ప్రశ్న చదువుతుంటే నన్నయగారి ఆదిపర్వంలోని కచుడి కథ మనసులో మెదిలింది.

శుక్రాచార్యుడు అసురుల గురువు. చచ్చినవాళ్లను బతికించే మృతసంజీవని ఆయన ఒక్కడికే తెలుసు. దాన్ని నేర్చుకోవడానికి దేవతలు బృహస్పతి కొడుకు కచుణ్ణి పంపారు. దానవులు అతణ్ణి చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రుడి చేతే తాగించారు. ఇక కచుడు బయటికి రావాలంటే గురువు పొట్ట చీలాలి. శుక్రుడు తన కడుపులో ఉన్న శిష్యుడికే ఆ విద్య ఉపదేశించాడు. కచుడు గురువు పొట్ట చీల్చుకుని బయటికి వచ్చి, నేర్చుకున్న విద్యతో మొట్టమొదట గురువునే బతికించాడు. ప్లేగస్ శిష్యుడికి కూడా అదే అవకాశం ఉంది, అదే విద్య ఉంది. అతను గురువును పడుకోబెట్టి వెళ్లిపోయాడు.

అసలు అతనికి ఆ విద్య వచ్చా? మావాడు ఒకటి పట్టుకున్నాడు. ఒపేరాలో ప్లేగస్ తనకు తెలిసినదంతా శిష్యుడికి నేర్పాడని పాల్పటీన్ అంటాడు కదా. మేస్ విండూ కిటికీలోంచి పడిపోయాక పాల్పటీన్ అనాకిన్‌తో ఏమన్నాడు? చావును జయించడం ఒక్కరికే సాధ్యమైంది, మనిద్దరం కలిసి ఆ రహస్యాన్ని కనుక్కుందాం అన్నాడు. అంతా నేర్పి ఉంటే ఇంకా కనుక్కోవలసింది ఏముంది? అన్నిటికన్నా ముఖ్యమైనది చేతికి రాకముందే గురువును చంపుకున్నాడు. పరంపర తెగిందంటే నా లెక్కలో అక్కడే తెగింది. హత్య ఎలా చేశాడన్నది నాకు అంత ముఖ్యం కాదు. విద్య దిగలేదు, అంతే.

దేవయాని శాపం కూడా చూడండి. ఆ విద్య నీకు పనిచేయదు అని ఆమె శపిస్తే, నేను ఎవరికి నేర్పితే వాళ్లకు పనిచేస్తుందిలే అన్నాడు కచుడు. తనకు దక్కకపోయినా ముందుకు పంపగలిగాడు. సిడియస్ ఎవరికైనా ఏదైనా మనసారా నేర్పినట్టు ఆ తొమ్మిది సినిమాల్లో నాకు కనిపించలేదు.

గోల్కొండ_పాఠం:

తాతయ్యగారూ, ఆ రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూడడం నాకు తట్టనే లేదు. మీ మనవడికి నా అభినందనలు చెప్పండి. హత్య తీరు మీద మాత్రం మీతో ఏకీభవించలేను. బేన్ పెట్టిన నియమంలో విద్య ఎంత ముఖ్యమో పరీక్ష కూడా అంతే ముఖ్యం.

కోఠి పుస్తకాలు గారూ, జన్నా వేళ్ల సంగతి లెజెండ్స్‌ది కాబట్టి దాన్ని చుక్కల గీతగా పెడతాను.

రెండు సూర్యుళ్లు గారూ, కైలోకు విడిగా ఒక గడి ఇస్తాను, మీ వాదన న్యాయమైనదే. అయితే అతణ్ణి ఎవరూ సిత్ అనలేదు, తానూ అనుకోలేదు, కాబట్టి బేన్ వరస కిందికి తీసుకురాలేను. వేడర్ గురించి ఇంకో మాట. 1980 నాటి సినిమాలో చెయ్యి తెగి వేలాడుతున్న లూక్‌తో, ఇద్దరం కలిసి చక్రవర్తిని కూలదోసి తండ్రీకొడుకులుగా పాలిద్దాం అంటాడు. గురువును చంపు, కొత్త శిష్యుణ్ణి తెచ్చుకో అన్న బేన్ మాటను వేడరే నిజంగా పాటించబోయాడు. రక్తాన్నీ శిష్యరికాన్నీ ఒకే గీతలో కలపాలనుకున్నాడు. లూక్ చెయ్యి వదిలేసి కిందికి దూకాడు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అంతకన్నా గొప్ప తిరస్కారం లేదు.

ఇప్పుడు ఇంకో చిక్కు. 2024లో వచ్చిన అకొలైట్ సీరీస్ చివరి భాగంలో గుహలోంచి తొంగి చూసినది ప్లేగస్. ఆ కథ 1999 నాటి సినిమా కథకు సుమారు వందేళ్ల ముందు జరుగుతుంది. అక్కడ చీకటి దారి పట్టిన కైమిర్ శిష్యుడి కోసం వెతుకుతుంటాడు. ప్లేగస్ గురువు, కైమిర్ శిష్యుడు అనుకుంటే సిడియస్‌కు ముందు ఇంకో గడి చేరుతుంది. అప్పుడు కైమిర్ చేరదీసిన ఓషా మూడో మనిషి అవుతుంది, నియమం మళ్లీ చెడుతుంది. సీరీస్ ఒక్క సీజన్‌తో ఆగిపోయింది కాబట్టి జవాబు తెర మీద దొరకదు. మీరేమంటారు?

కోఠి_పాతపుస్తకాలు:

కైమిర్, ఓషా ఓడలో బయలుదేరుతున్నప్పుడు ప్లేగస్ నీడలోనే ఉంటాడు, ముందుకు రాడు, పిలవడు. కైమిర్ కూడా ఆ గుహవైపు తిరిగి చూడడు. గురువైతే దాక్కోవలసిన పని లేదు. అతను అక్కడ ఉన్నట్టు కైమిర్‌కు తెలియదనే నా అభిప్రాయం. అప్పటికి టెనిబ్రస్ బతికే ఉండి, ప్లేగస్ ఇంకా శిష్యుడుగానే ఉంటే, గురువుకు తెలియకుండా కైమిర్‌ను గమనిస్తున్నాడన్నమాట. మీ పటంలో కైమిర్‌ను పక్కన పెట్టండి, ప్లేగస్ నుంచి అతనికి గీత గీయకండి.