చిట్టా పుస్తకమా, ఉచిత యాపా? ఫ్రీలాన్సర్లు చెప్పండి

గోదారి గట్టు (రాజమండ్రి)
నాలుగేళ్లుగా ఇంట్లోంచే సబ్‌టైటిళ్లు, అనువాదాలు చేస్తున్నాను. పద్దులకొకటి, పనులకొకటి, గంటలు లెక్కపెట్టడానికొకటి, బిల్లులకొకటి, నోట్సుకి రెండు. ఫోన్లో మొత్తం ఆరు యాప్‌లు, అన్నీ ఉచితమే. మార్చి 15 లోపు ముందస్తు పన్ను కట్టాలని లెక్క తీయబోతే ఏ ఒక్కదాన్నీ రెండు నెలలకు మించి నింపలేదని తెలిసింది. చివరికి బ్యాంకు స్టేట్‌మెంటే దిక్కయింది. మా నాన్నగారు కిరాణా కొట్టు నడిపిన రోజుల్లో ఎర్ర అట్ట చిట్టా ఒక్కటే ఉండేది, ఎవరు ఎంత బాకీయో కళ్లు మూసుకుని చెప్పేవారు. ఈ యాప్‌లు డబ్బు మిగల్చవు, ఉన్న పొద్దు తినేస్తాయి అని నా వాదన. కాదంటారా?

కూకట్‌పల్లి కోడర్
కాదంటా అక్కా. ఆరు పెట్టుకున్నది నువ్వు, తప్పు యాప్‌లదంటే ఎట్ల? నేను బిల్లులకి జోహో ఇన్‌వాయిస్ వాడుతున్నా, 2021 నుంచి అది ఉచితమే. ఇంకోటి గూగుల్ షీట్. అంతే.
డబ్బు మిగిలింది ఎట్లంటే చెప్తా విను. ఒక క్లయింట్‌కి 80,000 బిల్లు పంపిన. 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, పట్టుకుని 72,000 వేసిన్రు. షీట్‌ల ఆ 8,000 వేరే గడిలో రాసుకున్నా కాబట్టి, రిటర్న్ వేసే ముందు 26ఏఎస్‌తో, అంటే నా పేర జమైన పన్ను చూపించే సర్కారు పత్రంతో, సరిచూసిన. అందులో లేదు! అడిగితే తేలిందేంటంటే నా పాన్‌ల ఒక అక్షరం తప్పు కొట్టిన్రు. సవరించేదాక వెంటపడ్డ. రాసుకోకపోతే ఆ 8,000 పోయిన సంగతి కూడా నాకు తెల్వకపోవు.

పాత చిట్టా (అనంతపురం)
నాయనా, నువ్వు చెప్పినదానికి యాప్ ఎందుకు? పుస్తకంలో నిలువుగా మూడు గీతలు గీసుకో. బిల్లెంత, వచ్చిందెంత, కోతెంత. పని అయిపోయె.
నాకు 58 ఏళ్లు, పుస్తకాలకు పేజీలు అమర్చే పని చేస్తా. ఉచితాన్ని నమ్మి నేను కూడా కొన్నాళ్లు ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్‌లో రాసుకున్నా. 2023 డిసెంబరులో ఉచిత ఖాతాకు 50 నోట్సే అన్నారు. గూగుల్ ఫోటోస్‌లో లెక్కలేనంత చోటు అన్నది 2021 జూన్‌తో ఆగిపోయింది. అమెరికాలో మా అల్లుడు ఇంటి ఖర్చులన్నీ మింట్ యాప్‌లో చూసుకునేవాడు, 2024 మార్చిలో అది మూతపడింది. నా చిట్టాకు మాత్రం ఎవురూ షరతులు మార్చలేదు.

బెజవాడ బొమ్మలు
బాబాయ్ గారూ, మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లోకొచ్చినప్పుడు నా బిల్లు పుస్తకాలు ముద్దయిపోయాయి. గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించిన ఫోటోలే మిగిలాయి. చిట్టాకు షరతులుండవు గానీ చెదలూ, వరదలూ ఉంటాయండీ.
గంటల లెక్క గురించి నా అనుభవం వేరు. లోగోకి 6,000 తీసుకునేదాన్ని, పది గంటల పని అనుకుంటూ. గంటలు లెక్కపెట్టే క్లాకిఫై యాప్ పెట్టి చూస్తే, "ఆ నీలం కొంచెం తగ్గించండి, మళ్లీ పెంచండి" అనే సవరణలన్నీ కలిపి 31 గంటలు! గంటకి రెండొందలు కూడా పడలేదు. ఇప్పుడు రెండు సవరణలే ఉచితం, మూడోదానికి డబ్బు అని ముందే రాసిస్తున్నా. ఇద్దరు క్లయింట్లు అలిగి వెళ్లిపోయారనుకోండి, అది వేరే సంగతి.
మూడు నెలలు చూశాక ఆ యాప్ తీసేశాను. జ్వరం ఎంతుందో తెలిశాక థర్మామీటరు నోట్లో పెట్టుకు తిరగం కదా.

గోదారి గట్టు
థర్మామీటరు మాట బాగుంది. మరి ఖర్చుల యాప్ సంగతేంటి? నెట్ బిల్లు, కరెంటు బిల్లు, కుర్చీ రసీదు, అన్నీ స్కాన్ చేయమంటుంది. మా ఆడిటరు నా రిటర్న్ 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ కింద వేస్తున్నారు.

లెక్కల మాస్టారు (వరంగల్)
అక్కడే అసలు ముచ్చట ఉన్నదమ్మా. నేను ట్యాక్స్ పని చేస్తా. 44ఏడీఏలో వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపిస్తరు, మిగతా సగం ఖర్చు కింద పోయినట్టే. ఇక నువ్వు కుర్చీ రసీదు స్కాన్ చేసినా చేయకున్నా పన్ను ఒక్క రూపాయి తగ్గదు. నిజమైన ఖర్చు సగం దాటితే, పద్దులు రాసి ఆడిట్ చేయించుకునే వాళ్లకే ఆ రసీదులు పనికొస్తయ్. ఈ ముక్క ఏ ఖర్చుల యాపూ చెప్పదు, దాని బతుకే రసీదుల మీద కదా.
ఇంకో మాట. 44ఏడీఏ అందరికీ కాదు. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, సినిమా కళాకారుల వంటి కొన్ని వృత్తులకే. సినిమా జాబితాలో ఎడిటరు, సంభాషణల రచయిత ఉన్నరు గానీ అనువాదకులని పేరుపెట్టి లేదు. మీ ఆడిటర్‌ను ఏ ఆధారంతో వేస్తున్నడో ఒకసారి అడుగు.
ఉచితమంటే నేను ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థల నమోదు, చూపిస్తా. సర్కారు పోర్టల్‌లో పైసా కట్టే పని లేదు. డబ్బడిగే నకిలీ సైట్లున్నయ్, జాగ్రత్త. సూక్ష్మ సంస్థగా నమోదైతే, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం ఒప్పందం ఎట్లున్నా క్లయింట్ 45 రోజుల్లో చెల్లించాలె. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ. బిల్లు కింద ఆ ఉద్యమ్ నంబరు అచ్చేస్తే చాలాసార్లు ఫోన్ చేసే పనే పడదు.

కూకట్‌పల్లి కోడర్
మాస్టారూ, వడ్డీ అడిగితే రేపు పనిస్తడా వాడు?

లెక్కల మాస్టారు
ఇయ్యడు. అందుకే అడగమంటలేను, నంబరు అచ్చేయమంటున్న.

బెజవాడ బొమ్మలు
రెండు నెలలు డబ్బులు ఆపేవాడు రేపిచ్చే పనికి కూడా అంతే ఆపుతాడు కోడర్ గారూ. నేనైతే వడ్డీ కూడా అడుగుతా.

గోదారి గట్టు
నిన్న రాత్రి కూర్చుని మూడేళ్ల 26ఏఎస్‌లు దించుకున్నాను. ఒక ఏజెన్సీ పట్టుకున్న 3,200 కనబడలేదు, పొద్దున్నే మెయిల్ పెట్టాను. ఆరులో నాలుగు తీసేశాను. బిల్లులది, గంటలది ఉంచాను. గంటలది జూన్ దాకానే. ఆడిటరు గారికి ఫోన్ చేస్తే "కలిసి మాట్లాడదాం" అన్నారు, ఆ గొంతు నాకంత నచ్చలేదు.

పాత చిట్టా
ఆ బిల్లులది కూడా నెలకోసారి ఎక్సెల్‌లోకి దించి పెట్టుకో తల్లీ. వాళ్లు ఎప్పుడు మూస్తారో తెలీదు.

కూకట్‌పల్లి కోడర్
బాబాయ్ ఎక్సెల్ దాక వచ్చిండు! ఇంక గెలిచినట్టే నేను.

పాత చిట్టా
ఎక్సెల్ నేను నువ్వు బడికి పోకముందు నుంచీ వాడుతుండా. దాన్ని యాప్ అంటారని ఎవురూ చెప్పలేదే!