అప్‌డేట్: ఎర్ర మందారం మాక్రో (అతి దగ్గరి) ఫొటోలలో రేకల ఈనెలు కనిపించని సమస్య తీరింది

కడియపులంక నర్సరీలో తీసిన ఎర్ర మందారాల రేకలు రంగు పూసిన అట్టముక్కల్లా వస్తున్నాయని, ఈనెలే కనిపించడం లేదని గత నెల ఇక్కడ అడిగాను. ఓపికగా సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

దోషం లెన్సుది కాదు. రాజమహేంద్రవరంలో స్టూడియో నడిపే ఒక పెద్దాయన ఫైళ్లు తెరిచి, మొత్తం వెలుగును చూపే హిస్టోగ్రామ్ (ఫొటోలో ఏ వెలుగు ఎంత ఉందో చెప్పే గ్రాఫ్) సవ్యంగానే ఉన్నా, ఎరుపు ఛానల్ మాత్రం కుడి అంచుకు గుద్దుకొని ఆగిపోయిందని, అంటే ఎరుపు మరీ ఎక్కువై అందులోని వివరం పోయిందని చూపించారు. మీలో ఒకరు చెప్పినట్లు మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకొని, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుగు సగానికి) తగ్గించి, రా ఫైల్‌గా (కెమెరా సవరించని మూల రూపంలో) తీసి, ఎడిటింగ్‌లో ఎరుపు సాచురేషన్‌ను (రంగు గాఢతను) కొద్దిగా దించాక, పువ్వు మధ్య నుంచి పొడుచుకొచ్చే కేసర దండం మీది పసుపు పుప్పొడి రేణువులు, రేక మొదట్లోని ముదురు మచ్చ నుంచి పైకి పాకే ఈనెలు విడివిడిగా తేలాయి. కెమెరా కుదించి దాచిన పాత జేపెగ్‌లలో పోయిన వివరం మాత్రం ఎంత సవరించినా తిరిగి రాలేదు.

ట్రైపాడ్ మార్చడం దీనికి సంబంధం లేని ఖర్చు. లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసి ఎఫ్/22కు వెళ్లడం వల్ల డిఫ్రాక్షన్‌తో (చిన్న రంధ్రంలో వెలుగు చెదరడంతో) ఫొటో ఇంకా మసకబారింది, ఇప్పుడు ఎఫ్/11 దాటడం లేదు. కేసర దండాన్ని ఫ్రేమ్‌లో ఐమూలగా వాల్చమన్న సలహా కూర్పుకు బాగా పనికివచ్చింది. కాలువగట్టు గాలికి పువ్వు ఊగడం వేరే తలనొప్పి. అందుకే పొద్దున్నే గాలి లేవకముందే వెళుతున్నాను.