ఓడ ఆగే ఒక్క రోజు, ఆ ఊళ్ళో ఉన్న స్నేహితులతో: మీ అనుభవాలు చెప్పండి

అలలబాట:
వచ్చే నెల మొదటిసారి క్రూయిజ్ ఎక్కుతున్నాను. ఒక రేవులో ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆగుతుంది. కాలేజీలో నా రూమ్మేట్ ఆ ఊళ్ళోనే ఉంటోంది. చూసి ఎనిమిదేళ్ళయింది. కబుర్లలో పడి ఓడ మిస్సవుతానేమోనని ఇప్పటినుంచే టెన్షన్. ఇలా ఎవరినైనా కలిసినవాళ్ళు చెప్పండి.

రేవుగాలి:
మీ టెన్షన్ అనవసరమైనదేం కాదు. నాకు జరిగింది చెప్తాను. ఓడ గడియారం ఒక టైమ్, ఊరి గడియారం ఇంకో టైమ్. దిగగానే ఫోన్ ఊరి టైమ్‌కి మారిపోయింది, నేను గమనించలేదు. గంట తేడా! మా ఫ్రెండు పోర్టు గేటు దాకా బండి పరిగెత్తించాడు కాబట్టి చివరి పది నిమిషాల్లో ఎక్కాను. సరిగ్గా వీడ్కోలు కూడా చెప్పలేకపోయాను, అదే ఇప్పటికీ బాధ. చేతికి మామూలు వాచీ పెట్టుకుని ఓడ టైమ్‌కి సెట్ చేసుకోండి. బయల్దేరే టైమ్ కాదు, అందరూ ఎక్కేయాల్సిన టైమ్ చూసుకోండి. అది సాధారణంగా అరగంటో ఇంకా ఎక్కువో ముందే ఉంటుంది. ఓడవాళ్ళ టూర్ లేటైతే మామూలుగా ఆగుతారు, సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఆగరు. రోజూ ఇచ్చే కాగితంలో పోర్టు ఏజెంటు (రేవులో ఓడ తరఫున పనులు చూసేవాళ్ళు) నంబరుంటుంది, ఫోటో తీసి మీ రూమ్మేట్‌కీ పంపండి.

దీపస్తంభం:
నేను మర్చంట్ నేవీలో చేస్తాను. మాకు గ్యాంగ్‌వే, అంటే ఓడ ఎక్కి దిగే నిచ్చెన దగ్గర, బోర్డు మీద షోర్ లీవ్ (ఒడ్డుకి దిగి తిరిగే సెలవు) ఎన్నింటికి అయిపోతుందో రాసిపెడతారు. దిగేముందు దాన్ని రెండుసార్లు చదవడం అలవాటు. ఓడల్లో పనిచేసేవాళ్ళ హక్కుల గురించిన 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్‌లో షోర్ లీవ్ మా ఆరోగ్యం కోసమేనని రాసుంది. అది ఎంత నిజమో నెలల తరబడి ఇనుము మీద నడిచినవాళ్ళకే తెలుస్తుంది.

ఒకసారి ఇలాగే పాత స్నేహితుణ్ణి కలిశాను. ఎక్కడికి తీసుకెళ్ళమంటావని అడిగితే, మీ ఇంటికి అన్నాను. మేడ మీద కూర్చున్నాం, చీకటి పడింది, లైట్‌హౌస్ వెలిగింది. ముందురోజు రాత్రి వాచ్ డ్యూటీలో ఓడ మీంచి అదే దీపాన్ని స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. రెండు మెరుపులు, తర్వాత చీకటి, మళ్ళీ రెండు. ప్రతి దీపానికీ తనదైన లెక్క ఉంటుంది కదా, దాన్నిబట్టే ఏ దీపమో పోల్చుకుంటాం. వాడు చిన్నప్పటినుంచీ ఆ వెలుగు గోడమీద పడుతుంటే నిద్రపోయాడట, మెరుపులు ఎన్నని ఎప్పుడూ లెక్కపెట్టలేదట. ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. ఆ రోజు ఊళ్ళో నేనింకేమీ చూడలేదు, చూడాలనీ అనిపించలేదు.

ఒడ్డునే_ఉంటా:
నేను అటువైపు మనిషిని, అంటే పిలిచినదాన్ని. వచ్చేవాళ్ళకి అన్నీ చూపించాలని ఏడు చోట్లు రాసిపెట్టుకున్నాను. రెండోచోటికే మా అక్క కూతురు మెట్ల మీద కూలబడింది, నేలంతా ఊగుతున్నట్టుందట. రోజుల తరబడి ఓడలో ఉండి దిగితే కొందరికి అలా అవుతుంది, కాసేపటికి సర్దుకుంటుంది. నాకా సంగతి తెలీదు. మీ ఫ్రెండుకి ముందే చెప్పండి, మొదటి గంట ఎక్కడైనా నీడలో కూర్చోబెట్టమని.

ఇంకోటి, ఆవిణ్ణి ఓడ దగ్గరికి రమ్మనకండి. 2004 జులైలో ఓడలకీ రేవులకీ భద్రతా నియమాలు, ఐఎస్‌పీఎస్ కోడ్ అంటారు, అమల్లోకి వచ్చాక అనుమతి లేనివాళ్ళని లోపలికి పంపరు. ఏ గేటు బయట కలుస్తారో ముందే ఖాయం చేసుకోండి. నేను తప్పు గేటు దగ్గర నిలబడి ముప్పావుగంట పోగొట్టాను.

అలలబాట:
అందరికీ థ్యాంక్స్. మా ఓడ రేవులోకి రాదట, దూరంగా లంగరు వేసి చిన్న బోట్లలో దింపుతారట. దానికేమైనా తేడా ఉంటుందా?

రేవుగాలి:
ఉంటుంది. దిగడానికే క్యూ ఉంటుంది, చివరి బోటు ఎన్నింటికో అదే మీ గడువు. గాలి ఎక్కువైతే అసలు దింపకపోవచ్చు కూడా. ఆ మాట ఆవిడకి ఇప్పుడే చెప్పి ఉంచండి, ఒడ్డున నిలబడి ఎదురుచూస్తూ ఉండిపోకుండా.

అలలబాట:
ఇప్పుడే ఫోన్ చేశాను. "దింపకపోతే బీచ్‌లో నిలబడి చున్నీ ఊపుతా, నువ్వు డెక్ మీదికి రా" అంది.