నూనె కొట్టి ఒగ్గీండి, అదే ఒగ్గుద్ది

"నూనె కొట్టి ఒగ్గీండి బాబూ. రేప్పొద్దునికి అదే ఒగ్గుద్ది."

శ్రీకాకుళంలో నేను కారు చూపించే మెకానిక్ పోయిన వారం అన్న మాట ఇది. ఒకే క్రియ రెండుసార్లు వచ్చింది, రెండు అర్థాల్లో. మొదటి ఒగ్గడం మన పని: చెయ్యి తీసేసి ఊరుకోవడం. రెండో ఒగ్గడం తుప్పు పట్టిన బోల్టు పని: పట్టు వదలడం. ఆ మధ్య ఈ గ్రూపులో ఒకరు "ఒగ్గు అన్నది వదులుకి వచ్చిన వికారం, మాట్లాడుకుంటే సరే, రాతలో పనికిరాదు" అని రాశారు. అప్పుడు మనసు కష్టపడింది కానీ నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది. కారు సంగతి కొంచెం చెబితే తప్ప ఆ జవాబు అర్థం కాదు.

మేం నాలుగేళ్లు కళింగపట్నం దగ్గర ఉన్నాం. ఉప్పుగాలి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్ దగ్గర టకటకమని చప్పుడు, వేడెక్కాక సగం తగ్గేది. మేనిఫోల్డుకీ (ఇంజన్ నుంచి పొగ బయటికి తెచ్చే పోత గొట్టం) సైలెన్సర్ గొట్టానికీ మధ్య గాస్కెట్, అంటే సందు మూసే పలచటి రేకు, పోయిందని, అక్కడ పొగ తన్నుతోందని మెకానిక్ చెప్పాడు. చల్లగా ఉన్నప్పుడు సందు ఎక్కువ, ఇనుము వేడికి సాగితే కొంత మూసుకుంటుంది, అందుకే చప్పుడు తగ్గడం. గాస్కెట్ మార్చడం చిన్న పనే. దాన్ని పట్టుకున్న మూడు బోల్టులు రావాలి, అదీ కష్టం. కారు పైకెత్తాక నేనూ కిందికి వంగి చూశాను. ఆరు పలకలు ఉండాల్సిన తల రేగిపండులా గుండ్రమైపోయింది. గోటితో గీస్తే తుప్పు అప్పడం ముక్కలా పెచ్చుగా ఊడి చేతిలో పడింది. అక్కడ వేడి వందల డిగ్రీలు. రోజూ కాగడం, చల్లారడం, మధ్యలో వాననీళ్లు, ఉప్పు. ఇనుము కంటే తుప్పు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి బోల్టు మీద చుట్టూ తిరిగే గాళ్ల (వాటినే మరలు అంటాం) సందుల్లో అది ఉబ్బి బిగుసుకుపోతుంది. దాన్నే మా మెకానిక్ "పట్టీసింది" అన్నాడు. నడుం పట్టేసింది అంటామే, అదే మాట.

ఆ సాయంత్రం తీగ బ్రష్షుతో రుద్ది, తుప్పు నూనె కొట్టి, ఒగ్గీశాం.

మర్నాడు మొదటి బోల్టు. ఆరు పలకల సాకెట్ సుత్తితో కొట్టి ఎక్కించాడు (పన్నెండు మూలలదైతే అరిగిన తల మీద జారిపోతుందట). ముందు విప్పలేదు, కొద్దిగా బిగించే వైపు నొక్కాడు, తర్వాత విప్పే వైపు, మళ్లీ బిగించే వైపు. "టిక్" మంది. పానా చేతిలో పట్టుకునే "ఒగ్గింది!" అన్నాడు. నాకైతే బోల్టు పావు చుట్టు కూడా తిరిగినట్టు లేదు. "ఇంకా ఊడలేదు కదా?" అన్నాను.

"ఊడ్డం వేరు బాబూ, ఒగ్గడం వేరు."

ఈ ఒక్క వాక్యం కోసమే ఇదంతా రాస్తున్నాను. ఆ షెడ్డులో పొద్దుటి నుంచి విన్న మాటలు గుర్తు చేసుకున్నాను. తుప్పు పట్టు తెగిన ఆ క్షణం ఒగ్గడం. ఆ తర్వాత చేతితో తిరిగితే లూజవడం. బయటికి వచ్చేస్తే ఊడడం. మన పత్రికల తెలుగులో మొదటి రెంటికీ వదలడం, వదులవడం అని రాయాలి. తప్పేమీ లేదు, చదివితే అర్థమవుతుంది. కానీ అతనికి అవి రెండు వేరువేరు పనులు, రెండు వేరువేరు మాటలు. మొదటిది తెలియనివాడు బలం పెడతాడు, తల తెంపుతాడు.

రెండో బోల్టు నూనెకి లొంగలేదు. నూనె అంతా తుడిచేసి (మంటకి అంటుకుంటుంది), పక్కనున్న రబ్బరు బుష్షుల్ని తడిగుడ్డతో కప్పి, బోల్టు చుట్టూ ఉన్న పోత ఇనుముని గ్యాస్ మంటతో కాల్చాడు. కన్నం సాగింది, ఒగ్గింది. మూడోదానికి తల తెగిపోయింది. గొట్టం దింపేశాక మిగిలిన ముక్క కొంచెం బయటికి ఉంది కాబట్టి దాని మీద కొత్త నట్టు పెట్టి లోపల వెల్డింగ్ చేశాడు. ఎరుపు తగ్గేదాకా ఆగి, అటూ ఇటూ మెల్లగా తిప్పితే వచ్చింది. వెల్డింగ్ వేడే సగం పని చేస్తుందని అన్నాడు. అదీ రాకపోతే సరిగ్గా నడిమధ్య గుర్తుపెట్టి డ్రిల్ వెయ్యాలి.

ఇప్పుడు మాట దగ్గరికి. తలొగ్గడం అందరికీ తెలుసు. చెవి ఒగ్గి వినడం, దోసిలి ఒగ్గి నీళ్లు తాగడం కూడా తెలుసు. వీటిని ఎవరూ యాస అనరు. మా ఇళ్లల్లో "నన్నొగ్గీసి ఎల్లిపోతావేటి?" అంటారు, "దూడనొగ్గీ, పాలు తాగుద్ది" అంటారు. ఇది యాస అయిపోయింది. నా ఉద్దేశంలో ఈ రెండూ దూరపు మాటలు కావు. తలొగ్గేవాడు బిగువు విడిచి తల ఎదుటివాడికి ఇచ్చేస్తాడు. చెవి ఒగ్గేవాడు చెవి అప్పగిస్తాడు. దూడని ఒగ్గితే తాడు మన చేతిలోంచి పోతుంది. పట్టు సడలించి ఇవ్వడమే అన్నిటిలోనూ ఉంది. "టిక్" మన్నప్పుడు ఆ బోల్టు తలొగ్గిందా, వదిలిందా? రెండూ. వదులు అన్న మాటలో లొంగడం లేదు, లొంగు అన్న మాటలో విడవడం లేదు. ఒగ్గులో రెండూ ఉన్నాయి. అలాంటి మాటని రాతలోంచి తీసేయమంటే నేను ఒప్పుకోలేను. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టిన పర్వతాలపేట కూడా ఈ వంశధార పక్కనే, శ్రీముఖలింగం దగ్గర.

కామెంట్లలో అడిగినవాటికి ఇక్కడే రాస్తున్నాను.

ఒగ్గు కథకీ దీనికీ సంబంధం ఉందా అన్నారు. అక్కడ ఒగ్గు అంటే శివుడి డమరుకం. ఈ క్రియతో కలపకండి.

మరలు, అంటే యంత్రాలు, బాగుచేసే పని కాబట్టి మరమ్మతు అన్న మాట మర నుంచి వచ్చిందా అని బొబ్బిలి నుంచి ఒకరు అడిగారు. వినడానికి బాగుంది కానీ కాదు. మరమ్మతు అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మనకి వచ్చింది. మర మాత్రం మనదే. మరచెంబు గుర్తుందా? మూత తిప్పి బిగించే ఇత్తడి చెంబు, ప్రయాణాల్లో పట్టుకెళ్లేవారు. ఆ మూత అంచు మీద ఉండేదీ మరే, మా మేనిఫోల్డు కన్నంలో మెకానిక్ టాప్ (కన్నంలో మర కోసే పనిముట్టు) వేసి శుభ్రం చేసిందీ మరే.

కొత్త బోల్టులు మళ్లీ పట్టేయవా అన్నవారికి: బోల్టులు వెయ్యలేదు. కొత్త స్టడ్డులు (తల లేని మర కడ్డీలు) బిగించి, మరల మీద రాగి పొడి కలిసిన గ్రీజు రాసి, ఇత్తడి నట్లు వేశాడు. ఇత్తడికీ చిలుము పడుతుంది. కానీ ఇనుప తుప్పులా ఉబ్బి బిగుసుకోదు, స్టడ్డు కంటే మెత్తన కూడా. చెడితే నట్టు మర చెడుతుంది కానీ స్టడ్డు తెగదు. "ఈసారి నూనక్కర్లేదు బాబూ, పానా పెడితే ఒగ్గుద్ది" అన్నాడు.

గుంటూరు, కడప వైపు షెడ్డుల్లో ఆ "టిక్" మన్న క్షణానికి ఏ మాట వాడతారో తెలిసినవారు రాయండి.