గడ్డకట్టే చలిలో ఫేస్ స్లాబ్: రాగి వాటర్‌స్టాప్ దగ్గర ఏం చేయాలి?

ఐస్‌లాండ్‌లోని కారాహ్న్యూకర్ లాంటి, రాతికట్ట మీద కాంక్రీటు ముఖం ఉండే డ్యాముల పని తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. మైనస్ 15 డిగ్రీల్లో ఆ ముఖానికి స్లాబ్ (ఫేస్ స్లాబ్) పోయాలి. నీళ్లు, కంకర వేడిచేసి కాంక్రీటును 10 డిగ్రీల దగ్గర దింపడం, గుడారం కింద 3.5 ఎంపీఏ (మెగాపాస్కల్) బలం వచ్చేదాకా గడ్డకట్టకుండా కాపాడడం వరకు సరే. అసలు తంటా రాగి వాటర్‌స్టాప్‌తోనే, అంటే స్లాబుల అతుకుల్లోంచి నీళ్లు కారకుండా పెట్టే రాగి రేకుతోనే. రేకు చల్లగా ఉంటే దానికి తగిలిన సిమెంటు పాలు పలచటి మంచు పొరగా పేరుకుంటాయి, అది కరిగాక సందు మిగులుతుంది, రేపు నీళ్లు కారేది అక్కడినుంచే.

రేకును, స్లాబ్ కింద వాలు మీద ఉండే కాంక్రీటు కెర్బును ఎన్ని గంటల ముందు నుంచి వేడిచేయాలి? డీజిల్ హీటరు పొగ గుడారంలోకి వదిలితే తాజా కాంక్రీటు పైపొర పిండిలా రాలుతుంది కాబట్టి వేడిగాలి గొట్టాలే మేలనుకుంటున్నాం. స్లిప్‌ఫారం (కాంక్రీటు పోస్తూ వాలు మీద పైకి జరిపే అచ్చు)తోపాటు గుడారాన్నీ పైకి లాగాలా, వాలంతా ముందే కప్పేయాలా?